నరముల వ్యాధికి వ్యాయామ చికిత్స: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

అనంతపురము జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని కుందుర్పి మండలమున్నది. పాతకోట గల కొండ, దాని చుట్టును ఎఱ్ఱనేలలు, వానకై ఎదురు చూచు వేరుశనగ చేలు ఈ ప్రాంతపు గుర్తులు. సాలీనా సగటున 550 మిల్లీమీటర్ల వానయే ఈ జిల్లాకు దిక్కు. అందుచేత ఇచటి రైతు ఉన్నదానిని జాగ్రత్తగా వాడుకొనుట బాల్యమునుండియే నేర్చుకొనును. బోరులో నీరు తగ్గినపుడు అతడు మోటారును రోజంతయు వేయడు. కొంతసేపు వేసి, ఆపి, నీరు ఊరిన తరువాత మరల వేయును. ఆ విధముగా ఎండిపోవలసిన పైరు నిలుచును.

మనిషి శరీరములోని శక్తికి కూడ ఈ సూత్రము వర్తించును. బలము తగ్గినదని మోటారును పూర్తిగా కట్టివేసినచో పైరు ఎండును. బలమున్నదని ఎడతెగక నడిపినచో మోటారు కాలును. ఊరనిచ్చి వాడుకొనుటయే తెలివి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరముల వ్యాధి గల వారికి వైద్యులు నేడు చెప్పుచున్న వ్యాయామ చికిత్స యొక్క సారాంశమిదియే. ఈ వ్యాధి యేమి, దీనికి వ్యాయామ మెట్లు తోడ్పడును, ఇందులో గ్రామ పంచాయతీ చేయగలిగినది యేమి అను విషయములను ఈ వ్యాసమున వివరింతుము.

వ్యాధి స్వరూపము

మన మెదడు, వెన్నుపాము శరీరమంతటికిని ఆజ్ఞలు పంపు కేంద్రములు. ఆ ఆజ్ఞలను మోసికొనిపోవునవి నరములు. బోరు మోటారుకు పోవు తీగపై రబ్బరు తొడుగు ఉన్నట్లే, మెదడులోను వెన్నుపాములోను ఉన్న నరపు పోగులపై మైలిన్ అను కొవ్వు పదార్థపు తొడుగు ఉన్నది. తొడుగు చెడిన తీగలో విద్యుత్తు సరిగా పారనట్లే, మైలిన్ చెడిన నరములో ఆజ్ఞ ఆలస్యమగును, తడబడును, ఒక్కొక్కపుడు మధ్యలోనే ఆగిపోవును.

బయటినుండి వచ్చు క్రిములతో పోరాడుటకు మన రక్తములో రక్షణ శక్తి యున్నది. ఈ వ్యాధిలో ఆ రక్షణ శక్తియే పొరపాటుపడి సొంత నరముల తొడుగుపై దాడి చేయును. దాడి జరిగిన చోట్ల గట్టిపడిన మచ్చలు ఏర్పడును. 1868లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో పారిస్ నగరములో ఈ వ్యాధి లక్షణములను, మెదడులోని మచ్చలను జతపరచి స్పష్టముగా వివరించెను.

వ్యాధి ఎక్కువగా 20 నుండి 40 ఏండ్ల వయస్సులో బయటపడును. పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికము. 2020 నాటి అంచనా ప్రకారము ప్రపంచమున సుమారు 28 లక్షల మందికి ఈ వ్యాధి కలదు. చలి దేశములతో పోల్చినచో మన దేశమున ఇది తక్కువ, అయినను లేకపోలేదు. ఇది అంటువ్యాధి కాదు. రోగితో కలిసి భుజించుటవలన గాని, ఒకే ఇంట నివసించుటవలన గాని ఇతరులకు రాదు.

లక్షణములు అందరిలోను ఒకే తీరుగ నుండవు. ఒక కన్ను నొప్పితో మసకబారుట, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కుట, ఒక కాలు ఈడ్చుకొనిపోవుట, నడకలో తూలుట, కండరములు బిగిసికొనిపోవుట, మూత్రము ఆపుకొనలేకపోవుట, విశ్రాంతి తీసికొన్నను తీరని అలసట ముఖ్యమైనవి. చాలమందిలో ఈ బాధలు కొన్ని దినములో వారములో ఉండి తగ్గును. కొన్ని నెలలకో సంవత్సరములకో మరల వచ్చును. ఇట్లు వచ్చిపోవుటయే గ్రామములలో చిక్కు తెచ్చిపెట్టుచున్నది. వచ్చినపుడు గాలి సోకినదనియు, ఎవరో చేసినదనియు తలతురు. పోయినపుడు మంత్రపు తాయెత్తువలన పోయినదని నమ్ముదురు. ఈ నమ్మకములో రెండు మూడేండ్లు గడచిపోవును. ఆ లోపల నరములకు కలిగిన నష్టము తిరిగి పూడునది కాదు.

నడక తడబడిన ప్రతివారికిని ఈ వ్యాధియే యున్నదని తలపరాదు. మన జిల్లాలో ఫ్లోరైడు ఎక్కువగానున్న నీటివలన ఎముకలు, కీళ్ళు బిగిసి వెన్నుపాము నొక్కుకొనిపోయినవారున్నారు. వెన్నెముక క్షయ, బి-12 విటమిను లోపము కూడ కాళ్ళను బలహీనపరచును. వీనికి చికిత్సలు వేరు. కావున ఏ వ్యాధియో తేల్చుట వైద్యుని పని. పరీక్షించి, ఎం.ఆర్.ఐ. చిత్రము తీయించిన పిమ్మటనే అతడు నిర్ణయింపగలడు. ఎవరో చెప్పినారని రోగిచేత వ్యాయామము ప్రారంభింపజేయుట తొందరపాటగును.

శతాబ్దమునకు పైగా నిలిచిన పొరపాటు

1890లో జర్మనీ దేశపు నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ ఒక విచిత్రమును గమనించెను. ఈ వ్యాధిగల కొందరు శరీర శ్రమ చేసిన వెంటనే వారి చూపు మసకబారుచుండెను. కొంతసేపు విశ్రమించిన పిదప చూపు మరల కుదుటపడుచుండెను. అందుకు అసలు కారణము శ్రమ కాదనియు, శ్రమవలన శరీరములో పెరిగిన వేడి యనియు తరువాత తెలిసినది. తొడుగు చెడిన నరము కొద్దిపాటి వేడిని కూడ సహింపలేదు. వేడి తగ్గగానే అది మునుపటివలె పనిచేయును. అనగా ఆ వేడి నరమునకు క్రొత్త దెబ్బ తగిలించుట లేదు. తాత్కాలికముగా దాని పనిని మందగింపజేయుచున్నది.

కాని ఈ సంగతి తెలిసిన పిమ్మట కూడ వైద్యులు భయపడి, ‘కదలవద్దు, శ్రమింపవద్దు, విశ్రాంతి తీసికొనుము’ అని రోగులకు బోధించుచు వచ్చిరి. ఫలితము యేమైనది? నరము చేసిన నష్టమునకు తోడు పడుకొనుట చేసిన నష్టము కూడ చేరినది. వాడని కండరము క్షీణించును. కదపని కీలు బిగిసికొనును. ఎముక పలుచనగును. గుండె, ఊపిరితిత్తుల సత్తువ తగ్గును. మలబద్ధము, ఒరపు పుండ్లు, దిగులు వెంటబడును. రోగి నడవలేకపోవుటకు వ్యాధి ఎంతవఱకు కారణమో, విశ్రాంతి ఎంతవఱకు కారణమో వేరుచేయుటయే కష్టమైనది.

1996లో అమెరికా దేశమున యూటా విశ్వవిద్యాలయమువారు ఈ భయమును పరీక్షకు పెట్టిరి. రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుచేత వారమునకు మూడు మారులు చొప్పున 15 వారములు, కాళ్ళతోను చేతులతోను త్రొక్కు నిలుకడ సైకిలుపై వ్యాయామము చేయించిరి. వ్యాయామము చేసినవారి సత్తువ, బలము పెరిగినవి. 2004లో నెదర్లాండ్స్ పరిశోధకులు, 260 మంది పాల్గొన్న 9 మేలైన పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించిరి. కండరబలము, శ్రమను ఓర్చుకొను శక్తి, నడకకు సంబంధించిన పనులు వ్యాయామమువలన మెరుగుపడునని తేలినది. వ్యాయామమువలన హాని కలిగినట్లు ఆ పరిశోధనలలో కనబడలేదు. తరువాతి పరిశోధనలు, అలసట తగ్గుటకు కూడ ఇది తోడ్పడునని సూచించినవి.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. వ్యాయామము ఈ వ్యాధిని నయము చేయదు. వ్యాధి దాడులను తగ్గించు మందులు 1993 నుండి వచ్చుచున్నవి, నేడు అనేకములున్నవి. వాటిని వైద్యుడు చెప్పినంత కాలము వాడవలసినదే. వ్యాయామము మొదలుపెట్టితిమని మందు మానుట, మందు వాడుచున్నామని వ్యాయామము మానుట రెండును తప్పులే.

మన ఎండలో జాగ్రత్తలు

చలి దేశములో వ్రాసిన సలహాలను మన పీఠభూమిలో యథాతథముగ పాటించుట కుదరదు. ఇచట మార్చి మొదలుకొని జూన్ వానల వఱకు ఎండ తీవ్రము. వేడి తగిలినచో రోగి కాళ్ళు తడబడును, చూపు మసకబారును. కావున వేళ, చోటు ఎన్నుకొనుటలోనే సగము చికిత్స యున్నది.

వ్యాయామమునకు తెల్లవారుజామున చల్లని వేళ శ్రేష్ఠము. అది కుదరనిచో ప్రొద్దు గ్రుంకి నేల చల్లారిన తరువాత చేయవచ్చును. రేకుల కప్పు క్రింద గాక, చెట్టు నీడనో, గాలి ఆడు వసారాలోనో, అరుగుపైననో చేయవలెను. వదులైన నూలు బట్టలు ధరింపవలెను. ప్రారంభించుటకు ముందు చన్నీళ్ళ స్నానము చేసినను, మెడపై తడిగుడ్డ వేసికొన్నను శరీరము వేడెక్కుట ఆలస్యమగును. దగ్గర చల్లని నీరో, మజ్జిగయో ఉంచుకొని నడుమ నడుమ త్రాగవలెను.

నీటి విషయమున మఱియొక సంగతి. మూత్రము ఆపుకొనలేని బాధ గల స్త్రీలు, మరుగుదొడ్డి దూరముగ నున్నదను భయముచే నీరు త్రాగుటయే మానివేయుదురు. దానివలన మూత్రకోశములో చీము చేరి, జ్వరము వచ్చి, నరముల బాధ రెట్టింపగును. కావున ఇంటి దగ్గర అందుబాటులో మరుగుదొడ్డి యుండుట ఈ రోగులకు సౌకర్యము మాత్రమే కాదు, చికిత్సలో భాగము.

చేయదగిన వ్యాయామములు

మొదటిసారి ఫిజియోథెరపిస్టు, అనగా వ్యాయామ చికిత్స నేర్చిన ఉద్యోగి, రోగిని పరీక్షించి ఏవి ఎంత చేయవలెనో నిర్ణయింపవలెను. అతడు చెప్పినదానిని ఇంటివారు గ్రహించి ప్రతిదినము చేయింపవలెను. ఖరీదైన యంత్రములు అవసరము లేదు. సాధారణముగా సూచింపబడునవి ఇవి.

ఒకటి, కండరములను సాగదీయుట. గోడకు రెండు చేతులును ఆనించి, ఒక కాలు వెనుకకు పెట్టి, మడమ నేలకు తాకునట్లు నిలిచి, పిక్క సాగునట్లు అర నిమిషము ఉండవలెను. ఆ మీదట రెండవ కాలు. కుదుపులు, ఊపులు పనికిరావు. నొప్పి పుట్టువఱకు లాగరాదు. బిగిసికొనిపోవు కాళ్ళకు ఇది ప్రతిదినము అవసరము.

రెండు, బలమును పెంచుట. గోడకు ఆనించిన బల్లపై కూర్చుండి, చేతుల సహాయము వీలైనంత తక్కువగా లేచి నిలుచుట, మరల మెల్లగా కూర్చుండుట. ఎనిమిది పది మారులు చేసి, రెండు మూడు నిమిషములు విశ్రమించి, చేయగలిగినచో మరల చేయవలెను. స్తంభమును పట్టుకొని మడమలు ఎత్తి దింపుట, నీరు నింపిన సీసాను చేతితో ఎత్తి దింపుట కూడ ఇట్టివే. ఇవి వారమునకు రెండు మూడు దినములు, నడుమ ఒక్కొక్క దినము విరామముతో చేసిన చాలును.

మూడు, నిలకడను అభ్యసించుట. ఒక ప్రక్క గోడ, మఱియొక ప్రక్క ఇంటివారు నిలిచియుండగా, పాదములు దగ్గరకు చేర్చి నిలుచుట; తరువాత ఒక పాదము ముందు మఱియొక పాదము పెట్టి నిలుచుట. ఒంటరిగా ఎన్నడును చేయరాదు. పడిపోవుటవలన తుంటి ఎముక విరిగినచో ఏండ్ల శ్రమ ఒక్క దినమున వృథా యగును.

నాలుగు, ఊపిరిని పెంచు నడక. చదునైన బాటపై ఐదు నిమిషములు నడచి, రెండు నిమిషములు కూర్చుండి, మరల ఐదు నిమిషములు నడువవలెను. బోరును ఊరనిచ్చుట ఇదియే. నడచుచు మాట్లాడగలిగి, పాట పాడలేనంత శ్రమ సరియైన కొలత. మాట్లాడుటకే ఊపిరి చాలకపోయినచో వేగము తగ్గింపవలెను. 2013లో కెనడా పరిశోధకులు ఒక మోస్తరు వ్యాధిగల పెద్దవారికి వారమునకు రెండు మారులు, ఒక్కొక్క మారు 30 నిమిషముల ఇట్టి వ్యాయామమును, దానితోబాటు రెండు మారులు బలము పెంచు వ్యాయామమును కనీసముగా సూచించిరి. మన రోగి పది నిమిషములతో ప్రారంభించి, నెలల మీద ఆ మేరకు చేరవచ్చును.

ఐదు, మూత్రము ఆపుకొను కండరములకు వ్యాయామము. మూత్రమును పట్టి ఉంచునట్లుగ లోపలి కండరములను బిగించి, కొన్ని క్షణములుంచి వదలుట. ఇది కూర్చుండియు పడుకొనియు చేయవచ్చును, ఇతరులకు తెలియదు. సిగ్గుచే ఈ బాధను చెప్పుకొనని స్త్రీలకు ఆశా కార్యకర్త ఏకాంతమున చెప్పుట మంచిది.

మంచము పట్టినవారికి కూడ వ్యాయామము కలదు. ఇంటివారు వారి ప్రతి కీలును మెల్లగా, పూర్తిగా వంచి చాచి కదపవలెను. రెండు గంటలకొకమారు ప్రక్క మార్చి పరుండబెట్టవలెను. తలగడలు చేర్చి కూర్చుండబెట్టి, దీర్ఘముగా ఊపిరి పీల్చి వదలింపవలెను. స్పర్శ లేని పాదములను ప్రతి రాత్రి చూచి, పుండ్లు, బొబ్బలు లేవని నిశ్చయించుకొనవలెను. వేడి నీళ్ళు, మధ్యాహ్నపు కాలెడు నేల, ఇట్టివారికి తెలియకుండ హాని చేయును.

ఎప్పుడు ఆపవలెను

వ్యాయామము చేసినపుడు తిమ్మిరి, మసక కొంచెము పెరిగి, చల్లని చోట విశ్రమించిన అర గంటకో గంటకో తగ్గినచో భయపడనక్కరలేదు. మరునాడు కొలత కొంత తగ్గించి, మరింత చల్లని వేళ చేసిన చాలును. వ్యాయామపు అలసట మరునాటివఱకు వదలనిచో, చేసినది ఎక్కువైనదని గ్రహింపవలెను.

అట్లుగాక జ్వరము లేకయే క్రొత్త బలహీనత గాని, చూపు లోపము గాని 24 గంటలకు మించి నిలిచినచో, అది వ్యాధి క్రొత్త దాడి కావచ్చును. అప్పుడు వ్యాయామము ఆపి వెంటనే వైద్యుని చూపవలెను. జ్వరము, మూత్రములో మంట ఉన్నపుడు కూడ మొదట వాటికి చికిత్స చేయింపవలెను. దాడి తగ్గిన పిమ్మట, తక్కువ కొలతతో మరల ప్రారంభింపవలెను. మానివేయుట కాదు, మరల మొదలుపెట్టుటయే ముఖ్యము.

‘కూలి చేయువారికి వ్యాయామమెందుకు?’

ఈ ప్రశ్న ప్రతి గ్రామమునను వినబడును. ‘ప్రొద్దున లేచినది మొదలు కలుపు తీయుట, నీరు మోయుట, కట్టెలు తెచ్చుట, ఇంతకంటె వ్యాయామ మేమున్నది?’ అని పెద్దలు అడుగుదురు. ప్రశ్నలో న్యాయమున్నది. కాని తేడా కూడ ఉన్నది. కూలి పనికి కొలత పని నిర్ణయించును. వ్యాయామమునకు కొలత రోగి శరీరము నిర్ణయించును. ఎండలో నడుము వంచి నాలుగు గంటలు కలుపు తీయుట ఒకే కండరమును అలయజేసి, శరీరమును వేడెక్కించును. అది బోరును ఎండగట్టుట. నీడలో ఇరువది నిమిషములు, విరామములతో, అన్ని కండరములను వంతులవారీగ కదపుట వేరు.

ఒక గృహిణి స్థితిని ఊహింపుడు. ఆమెకు 28 ఏండ్లు, ఇద్దరు బిడ్డలు. ఒక కాలు ఈడ్చుచున్నది. మధ్యాహ్నము పొలములో కూలబడుచున్నది. సాయంకాలము ఇంట బాగుగనే తిరుగుచున్నది. అత్తవారికి ఇది సోమరితనముగ కనబడును. ‘పనికి రాని కాలు వంటింటికెట్లు వచ్చినది?’ అని దెప్పుదురు. వేడివలన నరము మందగించి, చల్లబడగానే కుదుటపడుచున్నదని వారికి చెప్పినవారు లేరు. కొన్నాళ్ళకు ఆమెను పుట్టినింటికి పంపుదురు. అచట ప్రేమతోనే మూలమంచమున కూర్చుండబెట్టుదురు. దెప్పుట ఒక విధముగా, అతి జాలి మఱియొక విధముగా, రెండును ఆమె కాళ్ళను తీసివేయును. ఈ రెండింటి నడుమ మూడవ మార్గమున్నదని ఆ రెండిండ్లకును చెప్పగలవారు గ్రామమున ఎవరు? ఊరివారు మాట వినునది పంచాయతీ సభ్యునిదే.

చట్టము కల్పించిన హక్కు

1995 నాటి వికలాంగుల చట్టములో ఏడు విధములైన వైకల్యములే యుండెను. మల్టిపుల్ స్క్లెరోసిస్ అందు లేదు. 2016లో పార్లమెంటు క్రొత్త చట్టమును చేసి, ఆ సంఖ్యను 21కి పెంచినది. దీర్ఘకాలిక నాడీ వ్యాధుల క్రింద ఈ వ్యాధిని పేరు పెట్టి చేర్చినది. 2017 ఏప్రిల్ 19 నుండి ఆ చట్టము అమలులోనున్నది. కావున కాలు విరిగినట్లు కంటికి కనబడకపోయినను, ఈ రోగి చట్టరీత్యా దివ్యాంగుడే. వైకల్యము 40 శాతము గాని అంతకు మించి గాని యున్నదని ధ్రువపత్రము లభించినవారు ప్రభుత్వ సౌకర్యములకు అర్హులగుదురు.

మన రాష్ట్రమున ఈ ధ్రువపత్రము సదరం శిబిరములలో పరీక్షించి ఇచ్చుచున్నారు. వచ్చిపోవు స్వభావము గల వ్యాధి గనుక, శిబిరము నాడు రోగి కొంత బాగుగ నడచినచో శాతము తక్కువ పడవచ్చును. అందుచేత పాత ఆసుపత్రి చీటీలు, ఎం.ఆర్.ఐ. చిత్రములు, నరముల వైద్యుని నిర్ణయ పత్రము తప్పక వెంట తీసికొని పోవలెను. 2024 జూలై నుండి దివ్యాంగుల పింఛను నెలకు 3000 రూపాయలనుండి 6000 రూపాయలకు పెరిగినది.

చికిత్సకు కుందుర్పివారు మొదట తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చూపించుకొని, అచటినుండి కల్యాణదుర్గమునకు, అవసరమైనచో అనంతపురము ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పోవలెను. సరిహద్దు మండలమగుటచే బెంగుళూరు కూడ మనకు అందుబాటుననే యున్నది. 1974లో ఏర్పడిన అచటి నిమ్హాన్స్ సంస్థ నరముల వ్యాధుల చికిత్సలో దేశమున పేరుగాంచినది. ఈ రోగుల సహాయార్థము 1985లో భారత మల్టిపుల్ స్క్లెరోసిస్ సంఘము ఏర్పడినది. ఇక మన జిల్లాలోనే, 1969లో విన్సెంట్ ఫెర్రర్ ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ కరవు పల్లెలలో దివ్యాంగుల సంఘములను కూర్చి, వారు ఒకరికొకరు తోడుపడునట్లు చేసిన అనుభవము మన కన్నుల ముందున్నది. తమ వంటి వారు మఱి నలుగురున్నారని తెలిసిననాడు మనిషి మంచము దిగునని ఆ అనుభవము చెప్పుచున్నది.

పంచాయతీ చేయదగిన పనులు

‘మా ఊరిలో ఇట్టి రోగి ఒక్కరో ఇద్దరో యుందురు, అసలే లేకపోవచ్చును. వారికై తీర్మానమెందుకు?’ అని సభ్యులకు తోచవచ్చును. కాని క్రింద చెప్పబోవు పనులలో ప్రతి యొక్కటియు పక్షవాతము వచ్చినవారికి, చెట్టుమీదనుండి పడి వెన్ను దెబ్బతిన్నవారికి, పోలియో సోకినవారికి, ఫ్లోరైడుచే కీళ్ళు బిగిసినవారికి, వృద్ధులకు సమానముగ ఉపయోగించును. అందరినీ లెక్కించినచో వారు లేని వీధి యుండదు.

మొదటిది, జాబితా. ఆశా కార్యకర్తల సహాయముతో, నడక తగ్గిన ప్రతివారి పేరును వార్డులవారీగ వ్రాయించి, ఎవరిని వైద్యునికి చూపినారు, ఎవరిని చూపలేదు అని విడదీయవలెను. వ్యాధి పేరును బహిరంగ సభలో చదువరాదు; అది ఆ ఇంటి గౌరవమునకు సంబంధించినది.

రెండవది, నడక బాట. పాఠశాల ఆవరణలోనో, చెట్ల నీడనో, వంద అడుగుల చదునైన బాటను, దాని ప్రక్క చేతితో పట్టుకొనుటకు ఇనుప గొట్టపు కడ్డీని, నడుమ నడుమ కూర్చుండుటకు అరుగులను ఏర్పాటు చేయవలెను. ఒక సిమెంటు బల్ల వెల కంటె పడిపోయిన మనిషి తుంటి చికిత్స వెల అనేక రెట్లు ఎక్కువ.

మూడవది, మెట్లకు బదులు వాలుబాట. పంచాయతీ కార్యాలయము, సచివాలయము, ఆరోగ్య ఉపకేంద్రము, చౌకధరల దుకాణము, వీటన్నిటికిని వాలుబాట, కడ్డీ ఉండవలెను. పింఛనుకై వచ్చిన దివ్యాంగుడు మెట్ల క్రింద నిలిచి ఎవరినో బ్రతిమాలుకొనుట మన కార్యాలయములకు శోభ కాదు. గ్రామాభివృద్ధి ప్రణాళిక తయారు చేయునపుడే ఈ పద్దును చేర్చుకొనవలెను.

నాల్గవది, ఇంటి దగ్గర సౌకర్యము. జాబితాలోని ఇండ్లలో మరుగుదొడ్డి మంచమునుండి ఎన్ని అడుగుల దూరమున్నదో చూచి, గోడకు పట్టుకొను కడ్డీ, కూర్చుండుటకు ఎత్తైన పీట అమర్పించుటకు సహాయపడవలెను. వీధి కొళాయి ఆ ఇంటికి దగ్గరగ నుండునట్లు చూడవలెను.

ఐదవది, ఫిజియోథెరపిస్టు రాక. గ్రామములకు నడచుట కష్టమైనవారే ఆసుపత్రికి పోవలసి వచ్చుట విచారకరము. నెలకొక దినము చికిత్సకుడు గ్రామమునకు వచ్చునట్లు వైద్యాధికారికి తీర్మానము పంపి, ఆనాడు వాహనమును, నీడను, రోగుల జాబితాను సిద్ధపరచు పూచీ పంచాయతీ వహింపవలెను. అదే దినమున ఇంటివారు కూడ వచ్చి నేర్చుకొనునట్లు చూడవలెను.

ఆరవది, ఎండకాలపు పని వేళలు. పనికి రాగలిగిన రోగులకు తెల్లవారుజామున, నీడపట్టున చేయదగిన తేలిక పనులను ఇప్పించుట న్యాయము. పనికి రాలేనివారిని సోమరులని పిలువకుండుట అంతకంటె న్యాయము.

ప్రతి సంవత్సరము మే 30వ తేదీన ఈ వ్యాధిని గూర్చి ప్రపంచమంతట ప్రచారము జరుగును. ఈ ప్రపంచ దినము 2009లో ప్రారంభమైనది. మన పీఠభూమిలో అది మండుటెండల కాలము. ఈ రోగులకు మిక్కిలి కష్టమైన కాలము. ఆ దినము వచ్చులోపల మీ గ్రామములో ఒక నీడబాట, ఒక వాలుబాట, ఒక జాబితా సిద్ధమైనచో, దానిని మించిన ప్రచారము వేరొకటి అక్కరలేదు.

రాబోవు పంచాయతీ సమావేశమునకు పోవునపుడు, దారిలోని ఇండ్ల అరుగులపై, వసారాలలో, మూలమంచములపై కూర్చున్నవారిని ఒకమారు పలుకరింపుడు. ‘వైద్యునికి చూపినారా? దినమునకు ఎంత నడచుచున్నారు?’ అను రెండు ప్రశ్నలు అడుగుడు. లభించిన జవాబులను సమావేశపు పుస్తకములో వ్రాయింపుడు. పని అచటనుండియే ప్రారంభమగును.